ఇల్లు బాగు చేసుకునే ముందు పిల్లలు యాడుంటారో అనుకుందాం

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



నన్ను ఈ పొద్దు అప్పు వసూళ్ల గురించి మాట్లాడమన్నారు. నేను ఇంటి రిపేరు గురించి మాట్లాడతానని అడిగినాను. రెండూ ఒకటేనని చివరికి మీకే తెలుస్తుంది. పోయిన ఏడాది మా సంఘంలో రెండు కంతులు ఆగినాయి. ఆ రెండు కంతులు కట్టనిది ఎవరో కాదు, లీడరునైన నేనే. ఎందుకు ఆగినాయో దాచకుండా చెప్తాను.

మాది మట్టి మిద్దె. మీలో సగం మంది పుట్టింది అట్లాంటి ఇంట్లోనే. గోడలు రాయీ మట్టీ. పైన వేప దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద కట్టె పేర్చి, ఆకు పరిచి, ఆ పైన చౌడు మట్టి. చౌడు నీళ్లను కిందికి దిగనియ్యదు. అందుకే మన పెద్దోళ్లు ఏటా వానలకు ముందు మిద్దె మీద కొత్త చౌడు పోసేవాళ్లు. మన ఎండలకు అంత చల్లని ఇల్లు ఇంకొకటి లేదు. కానీ ఏటేటా పోసిన మట్టి బరువంతా దూలాల మీదే ఉంటుంది. లోపల చెదలు తిన్నా పైకి కనపడదు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు టౌనును ముంచినాయి. మా ఊరికి నది నీళ్లు రాలేదు గానీ, అప్పటి వానలకే మా వీధిలో మట్టి గోడలు నాని కూలినాయి. అప్పట్నుంచి రాత్రిపూట వాన మొదలైతే మా అత్త నిద్రపోదు. లాంతరు పట్టుకుని దూలాలు చూస్తా కూర్చుంటుంది. పోయిన ఏడాది ముందు వానాకాలంలో పడసాల దూలం ఒకటి బెత్తెడు కిందికి దిగింది. ఇంక ఆగలేమనుకున్నాం. మా ఆయన మార్కెట్ యార్డులో హమాలీ. నేను మిషను కుడతాను. బ్యాంకు లింకేజీలో నా వాటా, సంఘం నుంచి అంతర్గత అప్పు, చేతిలో ఉన్నది కొంత కలిపి పడసాలకు స్లాబు వేసి, కింద బేతంచెర్ల నాపరాళ్లు పరుచుకుందామని మొదలుపెట్టినాం.

మేస్త్రీ లెక్క వేసినాడు. సిమెంటు ఇన్ని మూటలు, కమ్మీ ఇంత, ఇసుక ఇన్ని ట్రాక్టర్లు, బేల్దారి కూలి ఇంత. మొత్తం 1,30,000 రూపాయలు, ఆరు వారాలు. నేను పదో తరగతి చదివినదాన్ని, సంఘం పుస్తకాలు రాసేదాన్ని. ఆ లెక్కను మూడుసార్లు కూడి చూసినాను. తప్పు లేదు. కానీ ఆ కాగితంలో మా ఆరేళ్ల పాప లేదు. రెండున్నరేళ్ల చిన్నోడు లేడు. డెబ్బై ఏళ్ల మా అత్త లేదు. వాళ్లు యాడ పడుకుంటారు, యాడ తింటారు, ఎవరు చూస్తారు అని ఎవరమూ అడగలేదు.

కొత్త ఇల్లు కట్టేవాళ్లకు పాత ఇల్లు ఉంటుంది. డబ్బున్నోళ్లు రిపేరు చేసుకుంటే అద్దె ఇంటికి పోతారు. మనలాంటోళ్లం ఉన్న ఇంట్లోనే ఉంటూ ఆ ఇల్లే పగలగొట్టుకుంటాం. ఇల్లంతా ఒకేసారి విప్పితే కూలి కలిసొస్తుందని మేము పడసాలతో పాటు వంటింటి గోడ కూడా తీసినాం. కాపురం పశువుల కొట్టంలోకి మారింది. బియ్యం డబ్బా, పాప పుస్తకాలు, మిషను, మంచాలు అన్నీ ఒక్కచోటే. పైన టార్పాలిను.

మిద్దె దించిన రోజు దుమ్ము ఎట్లా లేచిందో చెప్పలేను. ఏండ్ల నాటి చౌడు, పొయ్యి మసి, చెదల మట్టి అంతా ఒక్కసారి. దంతెల సందుల్లో నుంచి తేళ్లు బయటికొచ్చినాయి. నేను పిల్లలను వాకిట్లో నిలబెట్టి చూడమన్నాను, వాళ్లకు సరదా అని. వారం దాకా ఇద్దరికీ దగ్గు తగ్గలేదు. చిన్నోడికి రాత్రిళ్లు ఎగపోత. ఆసుపత్రికి రెండుసార్లు తిప్పినాం.

ఇంక అసలు సంగతి. స్లాబు పోసినాక దాని మీద మడులు కట్టి నీళ్లు నిలపాల. మా ఊర్లో కుళాయి రోజూ రాదు. అందుకని ఇంటి ముందర భూమిలోకి ఒక డ్రమ్ము సగం పాతి, ట్యాంకరు నీళ్లు నింపి పెట్టుకున్నాం. పిల్లోడు పోతాడని నాకు భయమే. అందుకే దాని మీద గోనెసంచి కప్పినాను. జాగ్రత్త పడినాననుకున్నాను.

ఆ రోజు పదకొండు గంటలప్పుడు నేను పనోళ్లకు టీ కాస్తా ఉన్నాను. మా అత్త మంచం మీద ఉంది. మా ఆయన యార్డులో. పాప బడిలో. చిన్నోడు ఇసుక కుప్ప దగ్గర ఆడుకుంటా ఉండె. ఏ చప్పుడూ రాలేదు. నేను టీ గ్లాసులు తీసుకుని తిరిగి చూస్తే గోనెసంచి లేదు. డ్రమ్ము అంచు మీద రెండు చిన్న కాళ్లు కనపడినాయి. తల లోపల ఉంది.

గ్లాసులు యాడ పడినాయో తెలియదు. కాళ్లు పట్టుకుని లాగినాను. దగ్గినాడు, కక్కినాడు, తర్వాత ఏడ్చినాడు. ఆ ఏడుపు వినేదాకా నాకు ఊపిరి ఆడలేదు. ఆసుపత్రికి తీసుకుపోతే చూసి, సాయంత్రం దాకా ఉంచుకుని పంపినారు. బిడ్డ బాగున్నాడు. ఇప్పుడు అంగన్‌వాడీకి పోతా ఉన్నాడు.

అక్కా, మీరు ఒకటి గుర్తు పెట్టుకోండి. నీళ్లలో పడిన చిన్నబిడ్డ అరవడు. సినిమాల్లో మాదిరి చేతులు కొట్టుకోడు. నోట్లోకి నీళ్లు పోయినాక అరుపు రాదు. బక్కెట్లో అడుగున నీళ్లున్నా చాలు, తల బరువుకు తలకిందులైన పిల్లోడు తనంతట తాను లేవలేడు. గోనెసంచి కప్పడం అసలు కప్పకపోవడం కంటే చెడ్డది. వాడికి అది నేల మాదిరి కనపడింది. నాకేమో కప్పినాననే ధైర్యం వచ్చింది. నాపరాయి బండ ఇంటి ముందరే పదులకొద్దీ పడుంది. ఒక్క బండ మూసి ఉంటే సరిపోయేది. ఇది మేస్త్రీ తప్పు కాదు, మా అత్త తప్పు కాదు. చూసే మనిషి లేకుండా పని మొదలుపెట్టిన మా మొగుడూపెళ్లాల తప్పు.

ఇంకోటి చెప్తేనే ఈ మాట పూర్తవుతుంది. మా ఇంట్లో ఇసుక మోయడానికి వచ్చిన ఒక చెల్లెలికి ఏడాది బిడ్డ. వేపచెట్టుకు చీర ఉయ్యాల కట్టి పండబెట్టేది. ఆ చెట్టుకు నాలుగు అడుగుల దూరంలోనే సిమెంటు కలిపేది. చిన్నోడికి అట్లయిన మర్నాడు ఆమె ఉయ్యాలను కొట్టం పక్కకు మార్చి కట్టుకునింది. నేను చెప్పలేదు. అప్పుడు నాకు సిగ్గేసింది. నా బిడ్డ గురించి రాత్రంతా ఏడ్చినాను గానీ, నా ఇంటి పనికి వచ్చినామె బిడ్డ ఆ దుమ్ములోనే నెల రోజులు ఉన్నాడని నాకు తట్టలేదు. ఆమె కూడా ఒక సంఘం సభ్యురాలే. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టం వచ్చింది. యాభై మంది కంటే ఎక్కువ ఆడకూలీలు పనిచేసేచోట ఆరేళ్ల లోపు పిల్లలకు గది ఏర్పాటు చేయాలని అందులో ఉండేది. మన ఇళ్ల దగ్గర ఒక్కామె, ఇద్దరు ఉంటారు. అక్కడికి ఆ చట్టం వచ్చేది కాదు. అక్కడ మనమే చూసుకోవాల.

ఇప్పుడు లెక్క చెప్తాను. 1,30,000 అనుకున్నది 1,51,000 అయింది. వంటింటి గోడకు అనుకోకుండా 9,000. నీళ్ల ట్యాంకర్లకు 5,000. పిల్లల ఆసుపత్రికి, మందులకు 4,000. వంట కుదరని రోజుల తిండికి 3,000. ఆరు వారాలు పదకొండు వారాలైంది. మిషను మూలన పడింది. రోజుకు 200 చొప్పున 45 రోజులు కుట్టు పని పోయింది. ఆ 9,000 ఏ పుస్తకంలోనూ కనపడదు. కానీ నా రెండు కంతులు ఆగింది దాని దగ్గరే. సంఘంలో చెప్పుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. చెప్పినాక మా వాళ్లు తిట్టలేదు. "ముందే చెప్పింటే నీ బిడ్డను మేం చూసుకుంటుంటిమి కదక్కా" అన్నారు. ఆ మాటే నేను మీకు చెప్దామని వచ్చింది.

ఇల్లు బాగు చేసుకోబోయే వాళ్లకు నేను నేర్చుకున్నవి చెప్తాను.

ఒకటి. ఇల్లంతా ఒకేసారి విప్పొద్దు. ఒక గది ముట్టుకోకుండా ఉంచుకోండి. తలుపు వేసుకుంటే దుమ్ము రాని గది. ఒకటి పూర్తయినాకే రెండోది. కూలి కొంచెం ఎక్కువైనా ఆసుపత్రి ఖర్చు కంటే తక్కువే.

రెండు. మిద్దె దించే రోజు, గోడ కొట్టే రోజు చిన్నపిల్లలు ఆ వీధిలోనే ఉండకూడదు. చిమ్మే ముందు నీళ్లు చల్లండి. విప్పిన కట్టెలు వాకిట్లో కుప్ప పెట్టొద్దు, తేళ్లుంటాయి.

మూడు. నీళ్లకు బండ మూత, దాని మీద బరువు. బక్కెట్లు వాడినాక బోర్లించండి. సెంట్రింగు కర్రల కింద పిల్లలను ఆడనియ్యొద్దు. వాటి కింద చీలికలు పీకితే పైనున్నదంతా కదులుతుంది. మేస్త్రీ చెప్పిన రోజులు నిండేదాకా ఆ గది మనది కాదనుకోండి.

నాలుగు. తడి సిమెంటు, సున్నం చర్మాన్ని కాలుస్తాయి. కాలు మీద పడితే వెంటనే బాగా కడగండి. కంట్లో పడితే నలపొద్దు, నూనె వేయొద్దు, చనుబాలు పిండొద్దు. మంచినీళ్లు ధార కట్టి ఇరవై నిమిషాలు పోస్తూ, 108కి ఫోన్ చేయించండి. నానే సున్నం తొట్టి దగ్గరికి పిల్లలను అసలే పోనియ్యొద్దు.

ఐదు. పాత తలుపుల రంగు గీకే పని పిల్లలుండగా చేయొద్దు. వెనకటి రంగుల్లో సీసం ఎక్కువ కలిసి ఉండొచ్చు. ఆ పొడి చేతుల నుంచి నోట్లోకి పోతే చిన్నపిల్లల మెదడుకు చేటు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదని 2016లో నిబంధన పెట్టినారు. 2017 నవంబరు నుంచి అది అమల్లో ఉంది. కొత్త రంగు కొనేటప్పుడు సీసం కలపలేదని డబ్బా మీద రాసిందా అని చూడండి. పాత రంగును తడిపి రుద్దించండి. అన్నానికి ముందు పిల్లల చేతులు కడగండి.

ఆరు. పని సంక్రాంతి దాటినాక మొదలుపెట్టి ఎండలు ముదరకముందే ముగించుకోండి. బడి, అంగన్‌వాడీ తెరిచి ఉండే రోజులు అవి. మూడేళ్లు నిండినోళ్లు అంగన్‌వాడీలో కూర్చుంటారు. మూడేళ్ల లోపు వాళ్లకే మనిషి కావాల. ఆ మనిషి సంఘమే.

మన సంఘంలో పది మందిమి ఉంటాం. పిల్లను చూసుకోవడానికి రోజుకు ఒకరు వంతు పడితే, ఒక్కొక్కరికి పది రోజులకు ఒకసారి వస్తుంది. పని జరిగే ఇంటి పిల్లలనూ, పనికొచ్చినామె బిడ్డనూ కలిపే చూసుకోవచ్చు. మా సంఘంలో ఈ ఏడాది ఒక అక్క వంటింటికి రేకులు తీసి స్లాబు వేయించుకునింది. మేం వంతులు పడినాం. ఆమె కూలికి పోవడం ఒక్క రోజూ ఆగలేదు. ఒక్క కంతూ ఆగలేదు.

ఇది సంఘం పని కాదని ఎవరైనా అంటే ఓర్వకల్లు చూపించండి. 1990ల్లో యూఎన్‌డీపీ పథకం సాయంతో అక్కడ పొదుపు సంఘాలు మొదలైనాయి. ఆ అక్కలు డబ్బు దాచుకోవడంతో ఆగలేదు. పిల్లల చదువు తమ పనేననుకున్నారు. బాలభారతి పేరుతో బడి పెట్టుకున్నారు. మన జిల్లా అక్కలు బడే నడిపినప్పుడు, మనం పక్కింటి బిడ్డను ఒక పూట చూడలేమా?

అందుకే ఈ మహాసభ ముందు ఒక్క మాట పెడతా ఉన్నాను. సూక్ష్మ ఋణ ప్రణాళిక రాసేటప్పుడు ఇంటి రిపేరుకు అప్పు అడిగిన ప్రతి సభ్యురాలిని మూడు ప్రశ్నలు అడుగుదాం. పని జరిగినన్నాళ్లు పిల్లలు, ముసలోళ్లు యాడుంటారు? పగటిపూట ఎవరు చూస్తారు? ఆ రోజుల్లో నీ సంపాదన ఎంత తగ్గుతుంది? జవాబు లేకపోతే అప్పు ఆపమని కాదు. జవాబు సంఘమంతా కూర్చుని రాయాలని. తీర్మానం పుస్తకంలో సిమెంటు మూటల లెక్క పక్కన ఈ లెక్క కూడా ఉండాల.

మా పడసాలలో ఇప్పుడు నాపరాళ్లు పరిచినాం. వాన పడితే మా అత్త నిద్రపోతా ఉంది. డ్రమ్ము పాతిన గుంతను మట్టితో పూడ్చి, దాని మీద కరివేపాకు మొక్క పెట్టినాను. నా రెండు కంతులు కూడా ఈ ఏడాది పూర్తిగా కట్టేసినాను, పుస్తకంలో చూసుకోవచ్చు.