పెద్దల చేయి వణికినప్పుడు

 

ఉగాది సభలో వ్యాధి ప్రస్తావన ఏల అని మీకు తోచవచ్చును. పండుగనాడు మనం మొదట నమస్కరించేది ఇంటి పెద్దలకే గదా! వారి ఆరోగ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుకొనడం పండుగకు తగిన పనే అని భావిస్తున్నాము.

పిల్లలను ఆశ్రయించి సౌకార్‌పేట చేరిన వృద్ధులు మనలో ఎందరో ఉన్నారు. ఒకరికి ఊరక కూర్చున్నప్పుడు చేయి వణకుతుంది. మరొకరికి అడుగు సాగదు. చొక్కా గుండీలు పెట్టుకొనడానికి పావుగంట పడుతుంది, చేవ్రాలు చిన్నదైపోతుంది, గొంతు సన్నగిల్లుతుంది. ముసలితనమని సరిపెట్టుకొనడం లోకసహజం. కాని అది వ్యాధి కావచ్చును. 1817లో లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ దీనిని వర్ణించాడు. మన ఆయుర్వేదం కంపవాతం అన్నది. మెదడులో డోపమైన్ అనే పదార్థాన్ని తయారుచేసే కణములు క్రమంగా నశించడం దీనికి మూలం.

ఆ లోటును కొంత తీర్చే మందు లెవొడోపా. దీనికి మన నగరంతో ఒక సంబంధమున్నది. 1937లో మద్రాసు విశ్వవిద్యాలయంలో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు దూలగొండి గింజల నుండి ఈ పదార్థాన్నే వేరుచేశారు. రోగులకు అది మందుగా అందినది 1960ల నుండి. అట్లని దూలగొండి చూర్ణం కొని ఇంట్లో వాడరాదు. అందులో మందు పాలు ఎంతో తెలియదు. వాడుతూ ఉంటే వైద్యునికి దాచకూడదు.

వ్యాధిని పూర్తిగా కుదిర్చే మందు లేదు, కాని సరియైన వైద్యంతో ఏళ్ల తరబడి తిరుగాడవచ్చును. అందుకు నరముల వైద్య నిపుణునికి చూపించాలి. సెంట్రల్ స్టేషనుకు ఎదురుగా ఉన్న ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి మనకు దగ్గరే. 1950లో డాక్టర్ బి. రామమూర్తిగారు నరముల శస్త్రవైద్య విభాగమును నెలకొల్పినది అక్కడనే.

నిపుణుడు దొరికితే సగం పనే అయింది. తక్కిన సగం ఇంటివారిది. ఈ మందుకు వేళ ప్రాణం. మా ఇంటి పెద్దాయన జ్వరంతో ఒక ఆసుపత్రిలో చేరినప్పుడు, వార్డులో అందరికీ ఇచ్చే వేళకే ఆయనకూ మాత్ర ఇచ్చారు. గంటన్నర ఆలస్యం. ఆ గంటన్నరా ఆయన పక్కమీద ఒత్తిగిలలేకపోయారు. మంచినీళ్లు అడుగుదామన్నా గొంతు లేవలేదు. లేచిన ఆ ఒక్క మాటా తెలుగు, దాదికి తెలియదు. మరునాడు మేము వేళలన్నీ కాగితంమీద వ్రాసి, తమిళంలో చెప్పించి, మంచం తలవైపున అంటించాము. అప్పటి నుండి మాత్ర వేళకు అందింది.

కావున ఒక చిన్న పుస్తకం ఉంచండి. మాత్ర వేసిన వేళ, కదలిక బాగున్న వేళ, బిగిసిన వేళ, పడిపోయిన దినం వ్రాయండి. వైద్యునికి అదే దారి చూపుతుంది. పప్పు, పాలు మాత్రతో పాటు పడితే కొందరికి గుణం తగ్గుతుంది. భోజనానికి ముందుగా వేయవచ్చునా అని అడగండి. మాత్రలు హఠాత్తుగా మానిపించరాదు. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్ వంటి మందులు ఈ వ్యాధిని ముదిరిస్తాయి. ఏ వైద్యుని వద్దకు వెళ్లినా పార్కిన్సన్ ఉన్నదని ముందే చెప్పండి. మన ఇళ్ల మెట్లు ఇరుకు, నిటారు. చేపట్టుకు ఒక కమ్మీ బిగించండి. మలబద్ధకం, మింగడంలో కష్టం, దిగులు కూడ ఈ వ్యాధిలోనివే. సిగ్గుపడి దాచవద్దు.

చివరగా ఒక మనవి. ఏప్రిల్ 11 పార్కిన్సన్ జన్మదినం. ప్రపంచమంతా ఆ దినాన ఈ వ్యాధిని తలచుకొంటుంది. తమిళం బాగుగా వచ్చిన మన యువకులు వంతులు వేసుకొని, భాష రాని పెద్దలకు ఆసుపత్రిలో తోడు వెళ్లే ఏర్పాటు ఈ ఏడు మన సంఘం చేయాలని కోరుతున్నాము. ఇష్టమున్నవారు ఈ సభ ముగియగానే కార్యదర్శిగారికి పేర్లు ఇవ్వండి.