మెదడులోని పిల్లకాలువలు



పక్షవాతమనిన కాలుసేతులు పడిపోయి మంచము పట్టుటయేయని లోకులు తలంతురు. కాని మూతి కొంచెము వంకరపోయి, చేయి బరువెక్కి, మాట తడబడి, కొద్ది వారములలో మరల నడువగలిగినవారును కలరు. గండము గడచినదని ఇంటివారు సంతోషింతురు. రోగి కొన్నాళ్లకు మాత్రలు మానివేయును. ఈ చిన్న పక్షవాతములోని పెద్ద అపాయము అచ్చటనే యున్నది.

పెద్దకాలువకు గండిపడిన ఊరంతయు పరుగెత్తును. కొసనున్న పిల్లకాలువ పూడినచో ఆ ఒక్క మడియే యెండును. అట్లే మెదడు లోతులలో వెండ్రుకవంటి రక్తనాళము మూసికొనిపోయినచో, దానివలన పోషింపబడు కొద్దిభాగము నశించి, ఒకటిన్నర సెంటీమీటరుకు మించని గుంట యేర్పడును. రక్తము అందక కలుగు పక్షవాతములలో సుమారు నాల్గవవంతు ఇట్టివే. 1901లో పియేర్ మరీ యను ఫ్రెంచి వైద్యుడు వృద్ధుల మెదళ్లలో ఈ గుంటలను వర్ణించి, అట్టివారు చిన్న చిన్న అడుగులు వేయుచు నడచుటను గుర్తించెను. 1965లో బోస్టను నగరమున మిల్లర్ ఫిషర్, ఈ గుంటలు కలవారిలో దాదాపు అందఱికిని రక్తపుపోటు ఉండెనని చూపెను. వయస్సు, మధుమేహము, పొగత్రాగుట తక్కిన ముఖ్యకారణములు.

ఈ వ్యాధివలన మొదటి నెలలో మరణించువారు తక్కువ. కాని సంవత్సరములు గడచినకొలది దాని బలము తెలియును. మఱియొక పక్షవాతము రావచ్చును. కొన్ని గుంటలు చడీచప్పుడు లేకయే యేర్పడును. నడక మందగించును, మూత్రము ఆపుకొనుట కష్టమగును, లెక్కలు తప్పును, ఉత్సాహము సన్నగిల్లును, తుదకు మతిమఱపు ముదురును. ఇంటివారు దీనిని ముసలితనమేయని సరిపెట్టుకొందురు.

ఇట్టి రోగులు 3,020 మందిపై అమెరికా ఖండములలోను స్పెయినులోను ఒక పరిశోధన జరిగెను. ఆస్పిరిన్‌తోపాటు క్లోపిడోగ్రెల్ అను మఱియొక మందును దీర్ఘకాలము వాడినందువలన పక్షవాతములు చెప్పుకోదగినంత తగ్గలేదు. రక్తస్రావములును మరణములును హెచ్చెనని 2012లో తేలెను. పై రక్తపుపోటును 130కి లోపల ఉంచ యత్నించినవారిలో మెదడులోని రక్తస్రావము మూడింట రెండువంతులకు దగ్గరగా తగ్గెనని 2013లో ప్రకటింపబడెను. మందులు పెంచుకొనుటకంటె పోటును అదుపులో నుంచుటయే మేలని దీని సారము.

కావున ఒకసారి మూతి వంకరపోయినవాడు బాగుపడినను మాత్రలు తనంతట తాను మానరాదు, హెచ్చింపరాదు. నెలనెల పోటు చూపించుకొనవలెను. చుట్ట, బీడీ విడువవలెను. ఊరగాయ, అప్పడము, ఎండుచేప తగ్గింపవలెను. మధుమేహమును అదుపులో ఉంచవలెను; ప్రతిదినము నడువవలెను. మరల మాట తడబడినను, చేయి జాఱినను, నాటుమందులకై కాలము గడపక పెద్ద ఆసుపత్రికి చేర్పవలెను. గడ్డను కరగించు మందు నాలుగున్నర గంటలలోపల ఈయవలసియుండును.

పోటు నొప్పి పుట్టింపదు. అందుచే దాని మాట ఎవరును వినరు. చదువనేర్చినవారు ఈ సంగతిని తమ యింటి పెద్దలకు చదివి వినిపించినచో, ఒక వృద్ధుని నడకయు జ్ఞాపకమును నిలిపినవారగుదురు.