పాతయింటి జీర్ణోద్ధరణము



నేడు నేను మీకు విన్నవింపబోవునది పాతయింటిని బాగుచేసికొనుటను గూర్చి. నేను తాపీపనివాడను గాను, వడ్రంగిని గాను. ముప్పదిమూడేండ్లు బడిలో తెలుగు పాఠములు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. ఈ విషయమున మాటలాడుటకు నాకు గల యర్హత యొక్కటే. నా యింటిని నేనే యొకసారి పాడుచేసితిని, పిమ్మట నేనే బాగుచేయించితిని. రెండవ పనికంటె మొదటి పనియే నాకు ఎక్కువ నేర్పినది.

మా యిల్లు హైదరాబాదులో మూసీనదికి ఉత్తరపుటొడ్డున చాదర్‌ఘాటులో నున్నది. చాదరనగా దుప్పటి. పూర్వము నదికి కట్టిన అడ్డుకట్ట మీదుగా నీరు తెల్లని దుప్పటివలె జారుచుండుటచే ఆ రేవునకు ఈ పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. అట్టి నది 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన పొంగి వేలకొలది యిండ్లను, వేలకొలది ప్రాణములను తీసికొనిపోయినది. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమున నున్న చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది బ్రతికిరని యిప్పటికిని చెప్పుకొందురు. తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి ఆలోచనపై ఉస్మాన్ సాగరు 1920లోను, హిమాయత్ సాగరు 1927లోను పూర్తియై నది కొంత లొంగినది.

మా తాతగారు నల్లగొండ సీమనుండి వచ్చి, ఆ వరద తగ్గిన రెండేండ్లకు, నీరు రాని మెరక చూచుకొని యిల్లు కట్టించిరి. నడుమ మండువా, నాలుగు ప్రక్కల చావళ్లు, వీధివైపు అరుగులు. గోడలు రెండడుగుల మందము గల యిటుకగోడలు. వానిని కలిపినది గానుగలో ఆడిన డంగుసున్నము. కప్పు మద్రాసుమిద్దె. అనగా టేకు దూలములపై టేకు దంతెలు పఱచి, వానిపై సన్నయిటుకలను నిలువుగా సున్నములో పేర్చి, పైన గచ్చు వేసిన కప్పన్నమాట. ఎండకాలమున మండువాలో కూర్చున్నచో విసనకఱ్ఱ అక్కఱ లేకుండెడిది.

2009వ సంవత్సరమున గోడలడుగున మోకాలియెత్తు వఱకు చెమ్మ కనబడినది. సున్నము పొరలు పొరలుగా ఊడుచుండెను. నేను ఒక మేస్త్రిని పిలిపించితిని. అతడు, “పాత సున్నమంతయు గీకివేసి సిమెంటు పూసిన యెడల నూఱేండ్లు చూడనక్కఱ లేదు” అనెను. నాకు ఆ మాట నచ్చినది. లోపలను, వెలుపలను నాలుగడుగుల యెత్తు సిమెంటు పూయించితిని. మిద్దెమీద గచ్చు పైనను సిమెంటే పోయించితిని. రెండేండ్లు ఇల్లు కొత్తపెండ్లికొడుకువలె నుండెను. నేను వచ్చినవారికెల్ల చూపి సంతోషించుచుంటిని.

మూడవయేట చెమ్మ సిమెంటు పూతకు పైన, భుజముల యెత్తున కనబడినది. అయిదవయేట గోడనుండి యిటుకపొడి రాలసాగినది. మిద్దెమీది సిమెంటు వెండ్రుకవలె సన్నని పగుళ్లు విచ్చినది. నేను పగుళ్లలో మఱల సిమెంటు పూయించితిని. 2020వ సంవత్సరము అక్టోబరు నెలలో హైదరాబాదున కురిసిన కుంభవృష్టి మీలో చాలమందికి జ్ఞాపక ముండును. ఆ వానలో ఒక రాత్రి మా తల్లిగారు పరుండిన గదిలో పెద్ద చప్పుడైనది. పరుగెత్తి చూడగా దూలపు కొన గోడలోనే పుచ్చి క్రిందికి జాఱియున్నది. పెచ్చులు ఆమె మంచమునకు జానెడు దూరమున పడియున్నవి. ఆమె కప్పటికి ఎనుబదియాఱేండ్లు. దైవకృపచే ఆమెకు దెబ్బ తగులలేదు.

మఱునాడు మా తమ్ముడు వచ్చి, “అన్నయ్యా, నీకు ఇల్లు కావలెనా, అమ్మ కావలెనా?” అని యడిగెను. నాయొద్ద సమాధానము లేకపోయెను. అప్పటికే ఒక గుత్తేదారు ఇల్లు పడగొట్టి అయిదంతస్తులు కట్టి మాకు సగమిచ్చెదనని కబురుపెట్టియున్నాడు. తమ్ముని మాట అన్యాయమని నేననజాలను. వానికిని పిల్లలున్నారు. మేమిద్దఱమును తలలు వంచుకొని కూర్చుండగా అమ్మ యిట్లనెను: “మీ యిష్టము, నాయనా. కాని యిది యెందుకు చెడినదో తెలిసికొనకుండ పడగొట్టకుడు. తెలియకుండ కట్టినచో రేపు కొత్తదియు అట్లే చెడును.” తమ్ముడు కొంతసేపు యోచించి, వచ్చు వానకాలము వఱకు ఓపిక పట్టెదననెను. ఆనాడే అమ్మను తన యింటికి తీసికొనిపోయెను.

అప్పుడు పాలమూరు సీమకు చెందిన యొక ముసలి మేస్త్రిని వెదకి తెచ్చుకొంటిని. అతడు చిన్ననాటినుండి సున్నపుపనిలో నున్నవాడు. గోడమీద తాపీపిడితో తట్టెను. సిమెంటు పెచ్చు నొకదానిని ఊడదీసి వెనుక చేయి పెట్టి చూచెను. ఆ చేయి తడిసినది. “పంతులుగారూ, గోడ ముసలిదై చెడలే. దీనికి ఊపిరి ఆడకుండ జేసిండ్రు,” అనెను. పదునొకండేండ్లుగా నేను వెదకుచున్న కారణము ఆ యొక్కమాటలో తెలిసినది. చేసినవాడను నేనే.

దీని మర్మము వివరించెదను. పాతగోడలు నేలనుండి కొంత చెమ్మను పీల్చును. సున్నపుపూతకు సన్నని రంధ్రము లుండుటచే ఆ చెమ్మ గాలి తగిలి వెలుపలికి ఆఱిపోవును. సిమెంటు గట్టిది, నీటిని లోనికి రానీయదని మనము సంతోషింతుము గాని, లోనున్న నీటిని వెలుపలికిని పోనీయదు. దారిలేని నీరు పైకి ప్రాకును. దానితోపాటు నేలలోని యుప్పును ప్రాకి, ఆఱినచోట గడ్డకట్టి యిటుకను పొడిచేయును. ఆ తడియే గోడలోనికి చొచ్చియున్న దూలపు కొనకు తగిలి దానిని పుచ్చజేసినది. కావున పెద్దలు చెప్పు నియమ మొకటి గుఱుతుంచుకొనుడు: అతికించు పదార్థము అతుకబడు పదార్థముకంటె మెత్తగా నుండవలెను. అట్లున్నచో గోడ కదలినప్పుడు చెడునది పూత మాత్రమే; పూతను మఱల పూసికొనవచ్చును. గట్టిపూత వేసినచో చెడునది యిటుక. ఇటుక పోయిన గోడయే పోవును.

ఈ మాటకు సాక్ష్యము మా యింటికి దగ్గఱనే కలదు. కోఠీలోని పాత రెసిడెన్సీ భవనమును మీరెఱుగుదురు. రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ కాలమున, సామ్యూల్ రస్సెల్ అను సేనాశిల్పి గీసిన ప్రకారము, 1803వ సంవత్సర ప్రాంతమున దాని పని యారంభమైనది. ముందఱ ఆఱు మహాస్తంభములు. 1949లో అది మహిళా కళాశాల యయ్యెను. చాలకాలము పెచ్చులూడి, కప్పు కాఱి, కొంతభాగము మనుష్యులు త్రొక్కరానిదై యుండెను. పిమ్మట ప్రపంచ స్మారకనిధి యను సంస్థ తోడ్పాటుతో దానిని ఉద్ధరించిరి. నేను పోయి చూచితిని. అంతటి భవనమునకును వాడినది మన తాతలు వాడిన సున్నమే. రాజభవనమునకు తగిన మందు మా యింటికి తగదా యనుకొని ధైర్యము తెచ్చుకొంటిని.

సున్నము తయారగు విధమును గ్రామములలో పెద్దలెఱిగినదే యైనను, పిన్నల కొఱకు చెప్పుచున్నాను. సున్నపురాతిని సుమారు 900 డిగ్రీల వేడిమిలో కాల్చినప్పుడు దానియందలి బొగ్గుపులుసువాయువు వెడలిపోవును. మిగిలినదానికి నీరు పోసినచో బుసబుస పొంగి మెత్తని సున్నమగును. దానిని నీటి క్రింద కొన్ని వారములు మాగనీయవలెను. తొందరపడినచో పూతలో పొక్కులు లేచును. మాగిన సున్నము ఒక పాలునకు ఇసుక, సుర్ఖియను ఇటుకపొడి కలిసి రెండు మూడు పాళ్లు చేర్చి గానుగలో నూఱవలెను. మా మేస్త్రి కరక్కాయలు, బెల్లము నానబెట్టిన నీటితో నూఱించెను. పూసిన పిదప అది గాలిలోని బొగ్గుపులుసువాయువును మెల్లమెల్లగా మఱల పీల్చుకొని తిరిగి రాయియగును. రాయినుండి వచ్చి రాయిలోనికే పోవుచున్నది. అందుచేత దీనికి కాలము కావలెను. ఒక్కొక్క పూత పలుచగా వేసి, ఎండ తగులకుండ తడిగోనెలు కట్టి, ఆఱిన పిదప రెండవది వేయవలెను. సిమెంటుతో వారము పట్టు పనికి మాకు నాలుగు నెలలు పట్టినది.

ఇక కఱ్ఱపని. పుచ్చిన దూలమును తీసి ఇనుపకమ్మి వేయుదమని కొందఱు చెప్పిరి. మా వడ్రంగి ఉలితో పొడిచి చూచెను. కొనయందు మూరెడు మాత్రము మెత్తగా దిగినది. తక్కినదంతయు ఉలికి ఎదురుతిరిగినది. దూలమును మొగరములతో ఎత్తిపట్టి, చెడిన మూరెడు కోసి, అదేజాతి పాతటేకు ముక్కను ఏటవాలుగా కోసి అతికి బోల్టులు బిగించెను. కొన చుట్టును గోడలో వ్రేలెడు సందు విడిచి గాలి ఆడునట్లు చేసెను.

ఈ పద్ధతి మనదేశముదే కాదు. నా మేనకోడలి కుమార్తె చదువుకొఱకు స్వీడను దేశమున నున్నది. అచటి పల్లెలలో దేవదారుజాతి దుంగలను ఒకదానిపై నొకటి పేర్చి, మూలలయందు గాడి కోసి కూర్చిన పాతయిండ్లు కలవట. సందులలో నాచు కుక్కుదురు. నేలకు దగ్గఱనుండు అడుగుదుంగ మొదట పుచ్చును. అప్పుడు ఇంటిని పడగొట్టరు. జాకీలతో ఎత్తి, చెడిన దుంగను మాత్రము తీసి కొత్తదానిని చొప్పింతురు. ఫాలున్ అనుచోటి రాగిగని మట్టినుండి వచ్చు ఎఱ్ఱరంగును పిండితో ఉడికించి గోడలకు పూయుదురు. అదియు మన జాజువలె గోడకు ఊపిరి ఆడనిచ్చునట్టిదే. స్టాక్‌హోములో 1891లో స్కాన్సెన్ అను ప్రదర్శనశాల వెలసినది. అచటికి పలుసీమల పాతయిండ్లను విప్పి తెచ్చి మఱల నిలిపియున్నారు. మన మయమతమను శిల్పగ్రంథమునందును జీర్ణోద్ధారమునకు ప్రత్యేకముగా నొక అధ్యాయము కలదు. చెడినది మాత్రము తీయుము, మంచిది ఉంచుము అనునది మంచులోను ఎండలోను ఒక్కటే ధర్మము.

అయినను పాతదంతయు నిలువవలె నని నేను మొండిపట్టు పట్టను. మా పెరటిలోని మట్టిగోడల వంటసాల పునాది క్రుంగి, గోడ వెలుపలికి వాలియుండెను. మేస్త్రి తూకపుగుండు వ్రేలాడదీసి చూచి తల యూపెను. దానిని పడగొట్టించితిమి. మా అమ్మ నలుబదేండ్లు వండిన చోటది. దాని గడపకఱ్ఱను మాత్రము దాచి మండువాలో బల్లగా చేయించితిమి. మనుష్యులుండు కప్పు విషయమున మమకారమునకు తావీయరాదు.

2021వ సంవత్సరమున వానలు వచ్చునప్పటికి పని ముగిసినది. అమ్మ తన గదికి తిరిగివచ్చినది. మొదటి పెద్దవాన నాటి రాత్రి పదునొకండు గంటలకు మా తమ్ముడు తడియుచు వచ్చెను. మాటలాడక దీపము పట్టుకొని అమ్మ గదిలో కప్పును ఈ కొననుండి ఆ కొనవఱకు చూచెను. పిదప గోడకు అఱచేయి ఆనించి చాలసేపు నిలిచెను. “పొడిగానే యున్నదన్నయ్యా” యని మాత్రమని వెడలిపోయెను. మఱుసటి వారము గుత్తేదారునకు వలదని వాడే కబురుపంపెను. మా అమ్మ మఱి రెండేండ్లు ఆ గదిలోనే యుండి, ఆ దూలము క్రిందనే ప్రశాంతముగా కన్నుమూసినది.

పెద్దలారా, మీ గ్రామములలో ఇట్టి యిండ్లు ఇంకను కలవు. వానిని బాగుచేయ దలచినప్పుడు నాలుగు మాటలు తలచుకొనుడు. మొదట నీరు ఎచటనుండి వచ్చుచున్నదో వెదకుడు. కప్పు, చూరు, కాలువ బాగుపడక గోడకు పూత పూయుట వృథా. రెండవది, సున్నపుగోడకు సిమెంటు పూయకుడు. దానిపై నీరు చొరని రంగులు వేయకుడు. మూడవది, కఱ్ఱను ఉలితో పరీక్షించి చెడినంతవఱకే కోయుడు. నాలుగవది, గోడ వాలినను, పునాది క్రుంగినను తెలిసినవానికి చూపి, వలసినచో విడిచిపెట్టుటకు వెనుదీయకుడు. అన్నిటికంటె ముఖ్యముగా, మీ యూరిలో సున్నము నూఱుట తెలిసిన ముసలివాడు ఒక్కడైన నున్నచో, వానియొద్ద ఒక పిల్లవానిని పని నేర్చుకొనుటకు పెట్టుడు. ఇల్లు పోయినచో మఱల కట్టుకొనవచ్చును. ఆ చేతిపని పోయినచో అడుగుటకు ఎవ్వరు నుండరు.

మా మేస్త్రి వెళ్లునప్పుడు నేను కూలి యిచ్చి, “ఇది యెన్నాళ్లుండును?” అని యడిగితిని. “ఏటేట సున్నం గొట్టండి, పంతులుగారూ. జూసుకున్నన్నాళ్లుంటది,” అనెను. ప్రతి సంవత్సరము సంక్రాంతికి ముందు నేనే గోడలకు సున్నము కొట్టుచున్నాను. ఇప్పుడు మా తమ్ముని కుమారుడు నిచ్చెన పట్టుకొనుచున్నాడు.