ఫారిన్ కీ మొరాయిస్తే

అమీర్‌పేట మైత్రీవనం నుంచి పంజాగుట్ట దాకా కోచింగ్ సెంటర్లలో డేటాబేస్ నేర్చుకునేవాళ్లను బాగా ఏడిపించేది, ఒక టేబుల్ కాలమ్‌ను మరో టేబుల్ కాలమ్‌తో ముడివేసే ఫారిన్ కీ. మైఎస్‌క్యూఎల్ వర్క్‌బెంచ్‌లో బొమ్మ చక్కగానే గీస్తారు. తీరా టేబుల్ తయారు చేయబోతే 'ఎర్రర్ 3780' అంటుంది.

రెండు కాలమ్‌ల రకాలు కలవలేదన్నమాట. కోర్సుల టేబుల్‌లో కోర్సు నంబరు 'ఇంట్ అన్‌సైన్డ్', విద్యార్థుల టేబుల్‌లో ఉత్త 'ఇంట్'. చూపుకు ఒకటే, మైఎస్‌క్యూఎల్ ఒప్పుకోదు. అక్షరాల కాలమ్‌లైతే క్యారెక్టర్ సెట్, కొలేషన్ కూడా కలవాలి.

ఎర్రర్ 1452 వస్తే గొడవ డేటాది. లేని కోర్సులో విద్యార్థిని చేర్చారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! 'షో ఇంజిన్ ఇన్నోడీబీ స్టేటస్' కొట్టండి, 'లేటెస్ట్ ఫారిన్ కీ ఎర్రర్' కింద వివరం దొరుకుతుంది.

అసలు ఎర్రరే రాకపోతే ఇంకా ప్రమాదం. పాత మైఐశామ్ స్టోరేజ్ ఇంజిన్ ఫారిన్ కీని చదివి, పట్టించుకోకుండా వదిలేస్తుంది. 2010 నాటి మైఎస్‌క్యూఎల్ 5.5 వెర్షన్ నుంచి ఇన్నోడీబీ ఇంజినే డిఫాల్ట్. అయినా పాత స్క్రిప్టులు ఒకసారి చూసుకోండి.

'ఫారిన్ కీ చెక్స్' సెట్టింగ్‌ను సున్నా చేసి పని కానిచ్చేయమని పక్క బెంచీవాళ్లు చెబుతారు. వినకండి. తర్వాత దాన్ని మళ్లీ ఒకటి చేసినా, ఈలోగా దూరిన తప్పుడు వరసలను మైఎస్‌క్యూఎల్ వెనక్కి వెళ్లి తనిఖీ చేయదు.