తోటి విద్యార్థికి తోడు

(ఒక విశ్వవిద్యాలయ కళాశాలలో, కొత్త విద్యాసంవత్సరం ఆరంభంలో జరిగిన విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను విద్యావేత్తను కాను. మనస్తత్వ శాస్త్రం చదివినవాడినీ కాను. 33 ఏళ్ళు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి, పదవీ విరమణ తరువాత మా బస్తీ పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపిపెట్టడం వ్యాపకంగా పెట్టుకున్నవాడిని. కనుక విద్యార్థి సంక్షేమం గురించి నాకు తెలిసిన వైపు నుంచే, అంటే కాగితాల వైపు నుంచే మాట్లాడతాను.

మన సమాజంలో ఉన్నత విద్య ప్రస్తావన రాగానే అందరం సీట్ల గురించి మాట్లాడతాం. అది అవసరమే. 2006 నవంబరులో సమర్పించిన సచార్ కమిటీ నివేదిక, దేశంలోని పేరున్న కళాశాలల్లో డిగ్రీ చదివేవారిలో 25 మందికి ఒకరు, పీజీ చదివేవారిలో 50 మందికి ఒకరు మాత్రమే ముస్లింలని తేల్చింది. అఖిల భారత ఉన్నత విద్యా సర్వే 2019-20లో దాదాపు 21 లక్షలుగా ఉన్న ముస్లిం విద్యార్థుల సంఖ్యను 2020-21లో 19.21 లక్షలుగా చూపింది. అదే ఏడాది దేశం మొత్తం మీద విద్యార్థుల సంఖ్య పెరిగింది. అయితే లోపలికి వచ్చిన బిడ్డ మూడేళ్ళూ నిలబడి పట్టా చేతబట్టుకొని బయటికి వస్తోందా, నడుమనే మాయమవుతోందా అన్న విచారణ మనలో తక్కువ. ఈ రోజు నేను మాట్లాడదలచినది దాని గురించే.

నేను చూసినంతలో, చదువు మానేసిన పిల్లల్లో చదువు రాక మానేసినవారు కొద్దిమందే. మిగతావారి కథ ఒక చిన్న కాగితం దగ్గర మొదలవుతుంది. పదో తరగతి మెమోలో షేక్ అని, ఆధార్‌లో షైక్ అని, బ్యాంకు పుస్తకంలో ఉత్త ఎస్ అనే పొడి అక్షరం. ముగ్గురూ ఒకే మనిషి అని యంత్రానికి ఎవరు చెప్పాలి? దరఖాస్తు ఆగిపోతుంది. ఇంకొక చిక్కు కుల ధ్రువపత్రంలో. 2007 చట్టం ప్రకారం షేక్‌లు బీసీ-ఇ కిందికి వస్తారు. దూదేకుల, నూర్‌బాషా వారు అంతకు ఎంతో ముందు నుంచే బీసీ-బి. సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలు ఈ జాబితాలో లేవు. మసీదులో ఒకే వరుసలో నిలబడేవారికి తహసీల్దారు కార్యాలయంలో మూడు వరుసలు. ఇది తెలియని మొదటి సంవత్సరం విద్యార్థి ‘ముస్లిం’ అంటే బీసీ-ఇ అని నింపేస్తాడు. నాలుగు నెలల తరువాత తిరస్కరణ వస్తుంది. ఈలోగా ఫీజు బకాయి, మెస్ బకాయి, పరీక్ష రుసుము గడువు ఒకదానిపై ఒకటి వచ్చి పడతాయి. ఇంట్లో చెబితే తండ్రి అప్పు చేస్తాడని భయం. తోటివారికి చెబితే చులకన అవుతానని సిగ్గు. తరగతికి రావడం తగ్గుతుంది. హాజరు 75 శాతం లేదని ఉపకారవేతనం ఆగుతుంది. అప్పుడు దానిని ‘ఆసక్తి లేక మానేశాడు’ అని రికార్డులో రాస్తారు.

ఒక కుర్రవాడి సంగతి చెబుతాను. పేరు, ఊరు చెప్పను. తండ్రి సైకిల్ మరమ్మతు చేసేవాడు. ఆ అబ్బాయి వరుసగా పది రోజులు మెస్సుకు రాలేదు. పక్క గదిలోని సీనియర్, క్రైస్తవ యువకుడు, అది గమనించి ‘తమ్ముడూ, భోజనానికి ఎందుకు రావడం లేదు’ అని అడిగాడు. ‘కడుపు బాగోలేదన్నా’ అని జవాబు. ఆ సీనియర్ అక్కడితో ఊరుకోలేదు, మరునాడు కూడా అడిగాడు. మూడవ రోజు బయటపడింది: బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం కాకపోవడం వల్ల డబ్బు జమ కాలేదు, మెస్ బిల్లు కట్టలేక తినడం మానేశాడు. ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు. బ్యాంకులో ఒక పత్రం నింపి ఇవ్వడంతో సరిపోయే పని అది. ఒక మనిషి చదువు ఒక పత్రం మీద వేలాడుతున్నదని ఆ అబ్బాయికి చెప్పినవారే లేరు. కళాశాలలో సంక్షేమ విభాగం లేకపోలేదు, బోర్డు కూడా ఉంది. కానీ మూడు రోజులు వరుసగా అడగగలిగినది పక్క గదివాడే.

2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల మరణించినప్పుడు దేశమంతా కులవివక్ష గురించి మాట్లాడింది, మాట్లాడవలసిందే. అతని చివరి ఉత్తరంలో 7 నెలల ఫెలోషిప్ బకాయి ఊసు, ఒక మిత్రునికి ఇవ్వవలసిన అప్పు ఊసు కూడా ఉన్నాయి. గుమాస్తాగా బతికినవాడిని కనుక ఆ వాక్యాల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అవమానం, బకాయి ఒకే మనిషి మీద ఒకేసారి పనిచేస్తాయి. 2019 మే 22న ముంబయిలో డాక్టర్ పాయల్ తడ్వి మరణించింది. ఆమె ఆదివాసీ ముస్లిం కుటుంబపు బిడ్డ. ముగ్గురు సీనియర్ వైద్యురాళ్ళు వేధించారన్నది ఆ కేసులోని అభియోగం. రోహిత్ తల్లి రాధిక, పాయల్ తల్లి ఆబెదా కలిసి అదే ఏడాది సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ‘ముస్లిం విద్యార్థులు వేరుగా గుంపు కట్టాలా’ అని ఇందాక ఒక అధ్యాపకులు నన్ను అడిగారు. అయ్యా, నా జవాబు ఆ ఇద్దరు తల్లులే. ఈ తోడు దళిత, ఆదివాసీ, బీసీ బిడ్డలతో కలిసే ఉండాలి. అందరికీ తలుపు తెరిచే ఉండాలి.

సీనియర్లు ఒక మాట వినండి. మన రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 నాటిది. యూజీసీ నిబంధనలు 2009లో వచ్చాయి. 1800-180-5522 నంబరు రాత్రింబవళ్ళు పనిచేస్తుంది. 2023 నాటి యూజీసీ ఫిర్యాదుల పరిష్కార నిబంధనల్లో మైనారిటీ విద్యార్థుల పట్ల వివక్ష కూడా ఫిర్యాదు చేయదగిన అంశంగా ఉంది. కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి, తృప్తి కలగకపోతే అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. అసలు ధ్రువపత్రాలను కళాశాల తన దగ్గర అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఇవన్నీ కాగితం మీద ఉన్న హక్కులు. జూనియర్‌కు ఇవి తెలియవు, మీకు తెలుసు. ఫిర్యాదు రాసేటప్పుడు తేదీ వేయించండి, నకలు మీద స్వీకరించినట్లు ముద్ర వేయించుకోండి. ముద్ర లేని కాగితం దాఖలు కానట్లే.

ఇక మనసు సంగతి. నేర నమోదు సంస్థ లెక్కల్లో 2022లో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మరణంపై తీర్పునిస్తూ 2025 జూలైలో సుప్రీంకోర్టు, 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని ఆదేశించింది. ఈ కళాశాలలో ఆ నియామకం ఎంతవరకు వచ్చిందో విద్యార్థి సంఘం అడగాలి, లిఖితపూర్వకంగానే అడగాలి. అయితే కౌన్సెలర్ గది సాయంత్రం మూసివేస్తారు. బాధ రాత్రి పదకొండు గంటలకు వస్తుంది.

ఆ వేళ ఎవరైనా ‘బతకాలని లేదు’ అంటే ఏం చేయాలి? మనవాళ్ళలో కొందరు వెంటనే ‘తౌబా, అలా అనడం పాపం’ అంటారు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ ఒక్క మాటతో ఎదుటివారి నోరు మూతపడుతుంది, రెండోసారి చెప్పరు. పాపపుణ్యాల మాట తరువాత చూసుకోవచ్చు, ముందు వినండి. ‘చనిపోవాలన్న ఆలోచన వస్తోందా’ అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి. ఒంటరిగా వదలకండి. 14416 టెలీ మానస్ నంబరుకు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడతారు, రుసుము లేదు. పోలీసు కేసు అవుతుందని దాచేవారున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లుగానే భావించాలి, శిక్షించరాదు. ఆసుపత్రికి తీసుకువెళ్ళడానికి జంకవద్దు.

ఆడపిల్లల విషయంలో ఒక చిక్కు ఉంది. హాస్టల్లో ఏ చిన్న ఇబ్బంది వచ్చినట్లు తెలిసినా, ఇంట్లోవాళ్ళు ‘చదివింది చాలు’ అని వెనక్కు పిలిపిస్తారు, ఆ వెంటనే సంబంధాలు చూస్తారు. ఈ భయంతోనే వేధింపును మౌనంగా భరించే బిడ్డలున్నారు. ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు తల్లిదండ్రులకు తప్పక తెలియాలి. అంత ప్రమాదం లేనప్పుడు ఆ అమ్మాయి అంగీకారం లేకుండా ఇంటికి ఫోను చేయకండి. ముందు ఒక సీనియర్ అక్క, తరువాత నమ్మదగిన అధ్యాపకురాలు. ఇక్కడున్న తల్లిదండ్రులకూ నా మనవి: బిడ్డ కష్టం చెప్పుకుంటే చదువు మాన్పించడం జవాబు అయినంతకాలం, బిడ్డ కష్టం చెప్పుకోదు.

రంజాన్‌లో సహరీ గురించి కూడా చెప్పాలి. వార్డెన్‌కు నెల ముందుగానే సంఖ్య ఇచ్చి వినతిపత్రం పెడితే, రాత్రి వండిన భోజనం డబ్బాల్లో తీసి ఉంచడానికి చాలాచోట్ల ఒప్పుకుంటారు. ఆఖరి రోజున అడిగి, లేదన్నారని బాధపడి లాభం లేదు.

తోడుగా నిలిచేవారు కూడా అలసిపోతారు. ఒక్కరే పదిమంది బాధ మోయవద్దు. అంతస్తుకు ఇద్దరు చొప్పున ఉండి, వారానికొకసారి కూర్చుని మాట్లాడుకోండి. మీరు వైద్యులు కారు, వైద్యుని దాకా చేర్చేవారు.

భోజన విరామం తరువాత వెనుక వరండాలో ఒక బల్ల వేసుకొని కూర్చుంటాను. పేరు అక్షరాలు కలవనివారు, ఖాతాకు ఆధార్ అనుసంధానం అయిందో లేదో తెలియనివారు పదో తరగతి మెమో, ఆధార్, బ్యాంకు పుస్తకం మూడూ తీసుకురండి. రెండవ, మూడవ సంవత్సరం వాళ్ళు నలుగురైనా నా పక్కన కూర్చోవాలి. వచ్చే ఏడాది ఆ బల్ల దగ్గర మీరే ఉండాలి కనుక, పని ఈ రోజే నేర్చుకుందురుగాని.