ఖైమా ఉండల పులుసు

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన. ఆ వానా చాలక శెనక్కాయ పంట చేతికి రాని ఏడు కూడా ఎన్నో ఇళ్లను ఆదుకునేది గొర్రెల మందే. కాబట్టి ఇక్కడ కమ్మటి ఇంటి వంటంటే పొట్టేలు మాంసమే. మెత్తటి ముక్కలు కూరకు పోగా, గట్టివి ఖైమా కొట్టిస్తే ఉండల పులుసుకు సరిపోతాయి.

అమెరికాలో గొడ్డుమాంసం ఖైమాతో ఇలాంటి బిళ్లలు చేసి గ్రేవీలో వేస్తారు. వాటికి 19వ శతాబ్దపు డాక్టరు జేమ్స్ సాలిస్‌బరీ పేరే పెట్టారు. ఆయన ఖైమాను పథ్యంగా తినమన్నాడు. మనకా ఖర్మ లేదు, రుచి కోసమే తింటాం!

అరకిలో ఖైమాను నీరు లేకుండా పిండండి. ఉప్పు వేసి బాగా పిసకండి. ఉప్పుకు మాంసంలోని ప్రొటీన్లు జిగురెక్కుతాయి, గుడ్డు అక్కర్లేదు. అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, గసాలు, పట్టా లవంగం నూరి కలపండి. గుప్పెడు పుట్నాలపొడి తేమను పీల్చి ఉండను నిలబెడుతుంది. నిమ్మకాయంత ఉండలు చుట్టండి.

ఎర్రగడ్డలు, టమేటాలు మగ్గాక, వేయించిన శెనక్కాయ విత్తనాల ముద్ద, కారం, కాస్త చింతపండు రసం పోయండి. పులుసు మరిగాకే ఉండలు వదలాలి. మొదటి పది నిమిషాలు గరిటె పెట్టొద్దు, విరిగిపోతాయి. గిన్నెనే అటూ ఇటూ కదపండి. సన్నటి సెగ మీద ముప్పావుగంట. పక్కన రాగి సంగటి ఉండాల్సిందే, అన్నం దీనికి సాటిరాదు.

ఒక్క మాట. మాంసం ముక్కలకన్నా ఖైమా త్వరగా చెడిపోతుంది. కొట్టించిన రోజే వండేయండి.