ఆపరేషన్ కాగితం దగ్గర పెట్టుకోండి: మెనోపాజ్, హెచ్‌ఆర్‌టీ గురించి నాలుగు మాటలు

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సైటు మీద సూపర్‌వైజర్ పని చేసుకునేవాడికి మెనోపాజ్ సంగతి ఎందుకని కొందరికి అనిపించొచ్చు. ఆరోగ్యం మీద మాట్లాడమంటే నడుం నొప్పుల గురించో, హెల్మెట్ గురించో చెప్తాననుకున్నారు సంఘం వాళ్ళు. నేనే ఇది అడిగి తీసుకున్నా. మా అమ్మకు ముప్పై మూడేళ్ళకే గర్భసంచి తీసేశారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆమెకు రాత్రి నిద్ర లేదు, ఒంట్లో సెగలు, కీళ్ళ నొప్పులు. అడిగితే "వయసు మీద పడింది" అనేవాళ్ళు. నలభై నిండని మనిషికి వయసు మీద పడటమేమిటని ఎవరూ అడగలేదు.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. అంటే నాటింగ్‌హామ్‌లో కేర్ హోముల్లో, వేర్‌హౌసుల్లో, వంటశాలల్లో పనిచేసే మన ఆడవాళ్ళలో కూడా ఆ ఆపరేషన్ అయినవాళ్ళు ఉంటారు. మనం చెప్తే తప్ప ఇక్కడి జీపీకి ఆ సంగతి తెలీదు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా దాని చుట్టూనే.

నేను డాక్టర్ని కాను. ఏ మందు వాడాలో చెప్పను. డాక్టర్ దగ్గరికి ఏం తెలుసుకుని వెళ్ళాలో చెప్తా.

ముందు దశలు. నెలసరి గాడి తప్పడం మొదలైన కాలాన్ని పెరీమెనోపాజ్ అంటారు. ఒక నెల ముందు, ఒక నెల వెనక, ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. ఒంట్లో సెగలు, రాత్రి చెమటలు, నిద్ర పట్టకపోవడం, చిరాకు, దిగులు, మతిమరుపు, ఒళ్ళు నొప్పులు ఇక్కడే మొదలవుతాయి. ఇది కొన్నేళ్ళు సాగుతుంది. వరసగా పన్నెండు నెలలు నెలసరి రాకపోతే అది మెనోపాజ్. ఈ దేశంలో దాని సగటు వయసు 51. మన దగ్గర అంతకంటే కొన్నేళ్ళు ముందే వస్తుంది. ఆ తర్వాత కాలమంతా పోస్ట్‌మెనోపాజ్. నెలసరి ఆగాక ఎప్పుడైనా మళ్ళీ రక్తం కనిపిస్తే, ఒక్క చుక్కైనా సరే, ఆలస్యం చేయకుండా జీపీకి చెప్పాలి.

గర్భసంచి లేనివాళ్ళకు ఈ లెక్క కుదరదు. నెలసరే లేదు కాబట్టి ఎప్పుడు ఏ దశలో ఉన్నారో తెలియదు. ఆపరేషన్లో రెండు అండాశయాలూ తీసేసి ఉంటే, మెనోపాజ్ ఆ రోజే వచ్చినట్టు. మెల్లగా కాదు, ఒక్కసారిగా. అండాశయాలు ఉంచినా కూడా కొంతమందికి కొన్నేళ్ళు ముందే వచ్చేస్తుంది. ముప్పై ఎనిమిదేళ్ళ అక్క రాత్రిళ్ళు చెమటలతో లేస్తుంటే, ఆమె షిఫ్టులనో, పిల్లలు దూరంగా ఉన్నారన్న దిగులునో అనుకుంటుంది. అదే కావచ్చు, కాకపోవచ్చు కూడా. తేల్చాల్సింది డాక్టరు.

45 దాటినవాళ్ళకు మామూలుగా రక్తపరీక్ష అక్కర్లేదు, లక్షణాలు విని డాక్టర్ నిర్ణయిస్తారు. అంతకంటే చిన్నవాళ్ళకు రక్తపరీక్ష చేయించొచ్చు. నలభై లోపే మెనోపాజ్ వచ్చినవాళ్ళకు, వేరే అడ్డంకి లేకపోతే, కనీసం మామూలు మెనోపాజ్ వయసు వచ్చేదాకా హార్మోన్ వాడమని సలహా ఇస్తారు. అది సెగలు తగ్గడానికే కాదు. ఈస్ట్రోజన్ తొందరగా తగ్గిపోతే ఎముకలు గుల్లబారతాయి, గుండెకూ మంచిది కాదు.

ఇక హెచ్‌ఆర్‌టీ. ఒంట్లో తగ్గిన హార్మోన్‌ను బయటి నుంచి ఇవ్వడమే ఇది. అందరికీ ఒకటే మందు ఉండదు. ఏది సరిపోతుందో తేల్చడానికి డాక్టర్ అడిగే ప్రశ్నలు ఇవీ.

మొదటిది, గర్భసంచి ఉందా? ఉంటే ఈస్ట్రోజన్ ఒక్కటే ఇవ్వకూడదు. అది గర్భసంచి లోపలి పొరను మందంగా చేస్తుంది, క్యాన్సర్‌కు దారితీయొచ్చు. అందుకే తోడుగా ప్రొజెస్టోజెన్ ఇస్తారు, బిళ్ళగానో, ప్యాచ్‌లో కలిపో, లోపల పెట్టే కాయిల్ రూపంలోనో. గర్భసంచి లేకపోతే చాలామందికి ఈస్ట్రోజన్ ఒక్కటే చాలు.

రెండోది, నెలసరి ఇంకా వస్తోందా? వస్తుంటే ప్రొజెస్టోజెన్ నెలలో కొన్ని రోజులే ఇచ్చే పద్ధతి వాడతారు, నెలసరి లాగా రక్తం వస్తుంది. ఆగి ఏడాది దాటితే రెండూ రోజూ ఇస్తారు.

మూడోది, ఏ రూపంలో? బిళ్ళలతో రక్తం గడ్డకట్టే ముప్పు కొద్దిగా పెరుగుతుంది. చర్మం మీద వాడే ప్యాచ్, జెల్, స్ప్రేతో ఆ ముప్పు పెరగదు. బరువు ఎక్కువున్నవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టినవాళ్ళు ఇది తప్పక అడగాలి. ప్యాచ్ సాధారణంగా వారానికి రెండుసార్లు మారుస్తారు. నైట్ షిఫ్టులు చేసేవాళ్ళు ఆ సంగతి కూడా డాక్టర్‌కు చెప్పండి.

నాలుగోది, బాధ కింద పొడిబారడం, మంట వరకేనా? అయితే అక్కడే పెట్టే తక్కువ మోతాదు ఈస్ట్రోజన్ సరిపోవచ్చు.

భయం సంగతీ మాట్లాడుకుందాం. 2002లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం బయటికొచ్చాక ప్రపంచమంతా హెచ్‌ఆర్‌టీ అంటే వణికింది. ఇప్పుడు ఎన్‌హెచ్‌ఎస్ చెప్పే లెక్క ఇది: రెండు హార్మోన్లూ కలిసిన మందు ఐదేళ్ళు వాడిన వెయ్యి మందిలో రొమ్ము క్యాన్సర్ కేసులు సుమారు ఐదు అదనంగా వస్తాయి. ఈస్ట్రోజన్ ఒక్కటే వాడితే ఆ ముప్పు చాలా తక్కువ, లేదా లేనట్టే. ముప్పు అసలు లేదని కాదు, లెక్క తెలుసుకుని నిర్ణయించుకోమని. రొమ్ము, అండాశయ, గర్భసంచి క్యాన్సర్ వచ్చినవాళ్ళు, రక్తం గడ్డకట్టినవాళ్ళు, లివర్ జబ్బు ఉన్నవాళ్ళు, బీపీ అదుపులో లేనివాళ్ళు మొదటే చెప్పాలి. ఇంకోమాట. హెచ్‌ఆర్‌టీ గర్భం రాకుండా ఆపదు. పక్కింటావిడ ప్యాచ్ అడిగి తెచ్చుకుని వాడొద్దు.

ఇక ఖర్చు, హక్కు. జీపీ దగ్గర పేరు రాయించుకోవడం ఉచితం. మనలో చాలామందిమి వీసాతో పాటు ఆరోగ్య సర్‌ఛార్జీ కట్టే వచ్చాం, 2024 ఫిబ్రవరి నుంచి అది ఏడాదికి 1,035 పౌండ్లు. కేర్ వీసా మీద వచ్చినవాళ్ళకు అది లేకపోయినా హక్కు అదే. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగు ఇంటర్‌ప్రిటర్ కావాలని చెప్పండి, దానికి డబ్బు కట్టక్కర్లేదు. ఇలాంటి మాటలు కొడుకుతో చెప్పించుకోవద్దు, సగం మింగేస్తాం. మందుల చీటీ మీద ఒక్కో మందుకు 9.90 పౌండ్లు. అయితే 2023 ఏప్రిల్ నుంచి ఇంగ్లండులో హెచ్‌ఆర్‌టీకి ముందస్తు చెల్లింపు సర్టిఫికెట్ ఉంది. రెండు మందుల ఛార్జీ, అంటే 19.80 పౌండ్లు, ఒకసారి కడితే జాబితాలో ఉన్న హెచ్‌ఆర్‌టీ మందులు ఏడాదంతా వస్తాయి.

పనిలో చెప్తే స్పాన్సర్‌షిప్ పోతుందేమోనని భయపడేవాళ్ళున్నారు. మీరు ఒప్పుకోకుండా జీపీ మీ యజమానికి ఏమీ చెప్పరు. పని చోట మెనోపాజ్ ఇబ్బందుల మీద మన నాటింగ్‌హామ్ యూనివర్సిటీ వాళ్ళే 2010లో పెద్ద నివేదిక ఇచ్చారు. లక్షణాలు చాలాకాలం ఉండి రోజువారీ పనులకు బాగా అడ్డమైతే అవి 2010 సమానత్వ చట్టం కింద వైకల్యంగా లెక్కకు రావొచ్చని, అప్పుడు యజమాని తగిన సర్దుబాట్లు చేయాలని సమానత్వ కమిషన్ 2024లో స్పష్టంగా చెప్పింది. ఫ్యాను, పల్చటి యూనిఫాం, షిఫ్టు మార్పు అడగడం బిచ్చం కాదు.

అన్నలూ, తమ్ముళ్ళూ, మనకూ పనుంది. పాత గోడ కొట్టేముందు లోపల ఏ పైపు పోతోందో డ్రాయింగ్ చూస్తాం కదా. ఆపరేషన్ కాగితం అలాంటిదే. ఈ వారం ఊరికి ఫోన్ చేయండి. బీరువాలోనో, ట్రంకు పెట్టెలోనో ఉన్న డిశ్చార్జ్ కాగితం ఫోటో తీసి పంపమనండి. అందులో మూడు చూడాలి: గర్భసంచి పూర్తిగా తీశారా, గర్భాశయ ముఖద్వారం ఉంచారా, అండాశయాలు ఉన్నాయా. ముఖద్వారం మిగిలి ఉంటే ఇక్కడ స్మియర్ పరీక్షకు కూడా వెళ్ళాలి. కాగితం దొరక్కపోతే ఆపరేషన్ అయిన ఏడాది, ఎందుకు చేశారు, గుర్తున్నంత వరకు రాసుకోండి.

అక్కలూ, ఆ ఫోటోతో పాటు ఒక నెల రోజులు మీ బాధలు తేదీలతో రాసుకుని, వాడే మాత్రల పేర్లు, ఇంట్లోవాళ్ళ జబ్బులు కూడా రాసి జీపీ దగ్గరికి తీసుకెళ్ళండి. మందు మొదలుపెట్టాక మూడు నెలలకు మళ్ళీ చూపించుకోండి. మొదటిది సరిపడకపోతే మార్చమని అడగండి. మార్చడానికి ఇంకా చాలా రకాలున్నాయి.